అరవై కిలోల మనిషి

మొదట నా తప్పు చెప్పేస్తాను. తర్వాత చెబుతానని దాచుకుంటే, మధ్యలో ఎక్కడో దాన్ని మెల్లగా డాక్టరుగారి మీదికో మిల్లు గుమస్తా మీదికో తోసేస్తాను. నా సంగతి నాకు తెలుసు. నాలుగు నెలల్లో ఒక ఇంటి నుంచి నా దగ్గరికి నాలుగుసార్లు వచ్చారు. నాలుగుసార్లూ చెప్పింది ఒకటే జబ్బు గురించి. మూడుసార్లు నేను మూడు రకాల మందులిచ్చి పంపాను. నాలుగోసారి ఏ మందూ ఇవ్వలేదు సరికదా, నన్ను నేనే మెచ్చుకుని కూర్చున్నాను.

కొత్తగా నర్సు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. అది ఎనభైల చివరి మాట. మిర్యాలగూడ బయట, రైసు మిల్లుల మధ్య రెండు గదుల దవాఖాన ఒకటి ఉండేది. కొందరు మిల్లర్లు కలిసి హమాలీల కోసం పెట్టింది. డాక్టరుగారు సూర్యాపేట నుంచి మంగళవారం, శుక్రవారం వచ్చేవారు. మిగతా రోజుల్లో జ్వరానికి, దెబ్బకి, విరేచనాలకి నేనే పెద్ద డాక్టర్ని. మాదీ సూర్యాపేటే. నాకు నోరెక్కువని మా అమ్మ ఒకపక్క భయపడుతూనే పంపింది. ఆ మిల్లుల చప్పుడులో నోరున్నదే గెలుస్తుందని నెలరోజుల్లో తెలిసిపోయింది.

మీ చేతిలో ఇప్పుడు కంప్యూటర్లున్నాయి. మనిషి పేరు కొడితే పాత జాతకమంతా వస్తుంది. మాకు అరచేతంత చీటీ ఉండేది. వచ్చినరోజు మందు రాసి ఇస్తే, కాంపౌండరు దగ్గర మందు తీసుకుని అక్కడే పారేసేవాళ్ళు. మళ్ళీ వస్తే మళ్ళీ కొత్త చీటీ. నా తప్పులో సగం ఆ చీటీలదే అందామనుకున్నాను గానీ, అదిగో, చెప్పానుగా, అప్పుడే తోసేస్తున్నాను.

అతను హమాలీ. ముప్పై ఏళ్ళుంటాయి. పాలకీడు దగ్గర ఊరు, భార్యది కోదాడ వైపు. దసరా వెళ్ళిన వారానికి అనుకుంటాను, వరసలో అందరినీ ముందుకు పోనిచ్చి చివర్న వచ్చాడు.

"సిస్టరమ్మా, గీడ జర సూడు. మెడకు గడ్డ లేసింది."

"నొప్పి ఉన్నదా?"

"నొప్పి గిప్పి ఏం లేదమ్మా. ఉత్తగ ఉన్నది."

"నొప్పి లేకుంటే నాకెందుకు సూపెడుతున్నవయ్యా? బస్తాలు మోసే మెడకు గడ్డ రాక పూలు పూస్తయా?"

వరండాలో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. అతనూ నవ్వాడు. నలుగురు నవ్వితే నాకు ఒళ్ళు తెలియదు. హమాలీలకి బస్తా ఆనించే చోట, మెడ వెనక, చర్మం మొద్దుబారి ఉబ్బుగా తయారవుతుంది. అది ఎంత పెద్దదైతే అంత పనిమంతుడని వాళ్ళలో ఒక గొప్ప. ఇతని గడ్డ మెడ వెనక లేదు, పక్కన, గూడ ఎముకకి కాస్త పైన ఉంది. బస్తా అక్కడ ఆనదు. అంత చూడటానికి నేను కుర్చీలోంచి లేవాలి కదా, లేవలేదు. పూత మందు రాసిచ్చాను. నొప్పిలేని గడ్డను తేలిగ్గా తీసుకోవద్దని ట్రైనింగులో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఈసారి దురద. "ఒళ్ళంత గోకుడే గోకుడమ్మా, నిద్ర పడతలేదు" అన్నాడు. కొత్త వడ్లు దిగే రోజులు, మిల్లంతా వడ్ల నూగే. నేను గజ్జి అని తేల్చేశాను. గజ్జి ఒకరికుంటే ఇంటిల్లిపాదికీ మందు పూయాలి కాబట్టి అందరికీ సరిపడా పెద్ద సీసా ఇచ్చాను. ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి, పాపం చుట్టపుచూపుగా వచ్చిన బామ్మర్ది కూడా మెడ నుంచి పాదాల దాకా పూసుకున్నారట. ఆ కంపుకి బామ్మర్ది మర్నాడే బస్సెక్కాడట. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అని నేను అడగలేదు. ఎవరికీ లేదు.

మూడోసారి భార్యతో వచ్చాడు. జ్వరం వస్తోంది, పోతోంది. ఆమె మాట మెత్తగా ఉండేది, మనిషి మాత్రం గట్టిది.

"దుప్పటి పిండితే నీళ్ళు కారుతున్నాయండీ, సిస్టరు గారూ. ఒక్కోసారి చొక్కా రెండుసార్లు మార్చుకుంటున్నాడు."

"బాయిలర్ పక్కన పనిచేసేటోనికి సెమట పట్టక ఏం పడుతదమ్మా?" అన్నాను.

మిల్లులో బాయిలరుంటే ఇంట్లో పడుకున్నవాడికి చెమట ఎందుకు పడుతుందో నాకు తట్టలేదు. పైగా అది చలికాలం. మలేరియా బిళ్ళలు ఇచ్చాను.

నాలుగోసారి ఆమె ఒక్కతే వచ్చింది, సంచినిండా జామకాయలతో. మొహం వెలిగిపోతోంది.

"మీ నోటి చలవండీ! మా ఆయన కల్లు మానేశాడు."

నేను హమాలీలు కనబడితే చాలు కల్లు మానమని చెవినిల్లు కట్టుకుని పోరేదాన్ని. ఒక్కడూ విన్న పాపాన పోలేదు. అందుకని నేను పొంగిపోయాను. "ఎట్ల మానిండమ్మా?" అన్నాను.

"ఏమోనండీ. ఒక లోటా తాగితే చాలు, మెడమీద గడ్డకాడ ఒకటే సలుపంట. గంటసేపు అట్టా పట్టుకు కూర్చుంటాడు. ఇక దానిజోలికే పోనని ఒట్టేశాడు."

"దేవుడే బుద్ధి చెప్పిండు తీయి" అని జామకాయ కొరికాను. ఆ రోజు వచ్చిన ప్రతి రోగికీ ఈ కథ చెప్పాను. శుక్రవారం డాక్టరుగారికి కూడా చెప్పేదాన్నే, ఆరోజు రద్దీ ఎక్కువై కుదరలేదు. నోరెక్కువదాన్ని, అవసరమైన ఒక్క చోటా నోరు మూసుకున్నాను.

ఇక మిల్లు సంగతి. ఆ మిల్లు గుమస్తా సన్నగా, నిటారుగా ఉండే మనిషి. తూకం విషయంలో మహా పట్టుదల. రోజూ పొద్దున్నే కాంటా సరిచూడకుండా ఒక్క బస్తా ఎక్కనిచ్చేవాడు కాదు. సర్కారు ముద్ర ఉన్న తూకం రాళ్ళు మిల్లు యజమాని సేటు గదిలో తాళం కింద ఉండేవి. వాటిని మోసుకురావడం పెద్ద పని. అందుకని ఆయన ఒక సులువు కనిపెట్టాడు. మా హమాలీ బరువు సరిగ్గా అరవై కిలోలు. ఏళ్ళ తరబడి అరవై. పొద్దున సద్ది తినకముందు అతన్ని కాంటా మీద నిలబెట్టేవాడు. ముల్లు అరవై మీద ఆగితే కాంటా మంచిది. ఆగకపోతే మర తిప్పి ఆపేవాడు. తోటివాళ్ళు అతన్ని 'అరవై కిలో' అనే పిలిచేవాళ్ళు.

ఆ సీజన్లో ముల్లు కాస్త వెనక్కి జరగడం మొదలైంది. మొదట అరకిలో. గుమస్తా మర తిప్పాడు. వారం తర్వాత ఇంకో కిలో. మళ్ళీ తిప్పాడు. పాత కాంటా, అరిగింది అనుకున్నాడు. అందరి కళ్ళూ మనిషి ఎక్కాక ముల్లు ఎక్కడ ఆగుతుందనే గానీ, ఖాళీ కాంటా మీద అది ఎక్కడుందో చూసిన పుణ్యాత్ముడు లేడు. మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. అక్కడ మాత్రం సేటుకీ గుమస్తాకీ హమాలీలకీ ఎవ్వరికీ తట్టలేదు. మనిషి తరుగుతున్నకొద్దీ ఆయన కాంటాను పెంచుకుంటూ పోయాడు.

తమ బస్తా ఈ మిల్లులో ఎక్కువ తూగుతోందని రైతులకి మాత్రం వెంటనే తెలిసింది. దామరచర్ల వైపు బండ్లు కూడా పది మిల్లులు దాటుకుని వచ్చి ఈ మిల్లు ముందే ఆగేవి. "గా సేటుది ధర్మకాంటా" అని పొగడ్తలు. తన మంచితనం ఇన్నాళ్ళకి లోకానికి తెలిసిందని సేటు మురిసిపోయాడు. కొన్న వడ్లకూ ఆడిన బియ్యానికీ పొంతన కుదరకపోయేసరికి ఆ మురిపెం దిగిపోయింది. సూర్యాపేట నుంచి కాంటా మిస్త్రీని పిలిపించాడు.

ఆ రోజు నేను అదే మిల్లులో ఉన్నాను. ఒకాయనకి కాలికి రేకు కోసుకుంటే టీటీ సూది వేయడానికి వెళ్ళాను. మిస్త్రీ ముద్ర రాళ్ళు తెప్పించాడు. ఇరవై కిలోలవి మూడు పెట్టాడు. ముల్లు అరవై ఏడు మీద ఆగింది.

"అట్లెట్లయితది?" గుమస్తా ముందుకొచ్చాడు. "పొద్దుగాల నేనే సూసిన. సరిగ్గ అరవై సూపెట్టింది."

"ఏం బెట్టి సూసినవ్?"

"గీయన్ని బెట్టి" అని మా హమాలీని చూపించాడు.

మిస్త్రీ కాంటా దగ్గర వంగాడు. మర వదులు చేసి, రాళ్ళతో సరిచేసి, అతన్ని ఎక్కమన్నాడు. ముల్లు యాభై మూడు దగ్గర నిలబడింది. మిస్త్రీ చేతులు దులుపుకున్నాడు.

"కాంటల ఏం లేదు సేటూ. మీ మనిషే అరిగిపోయిండు."

మిల్లు మిల్లంతా ఘొల్లుమంది. సేటు తల పట్టుకున్నాడు. "ఏడు కిలోలు! ఎక్కిన బస్తకల్లా ఏడు కిలోలు ఊకనే ఇచ్చుకుంట కూసున్ననా!" అని ఆయన లబలబలాడుతుంటే నవ్వు ఇంకా పెరిగింది. కాంటా మీద నిలబడి హమాలీ కూడా నవ్వుతున్నాడు. నవ్వుతూ నవ్వుతూ ముంజెయ్యి గోక్కున్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. చేతిలో సూది అలాగే ఉంది. గడ్డ, దురద, చెమట, జ్వరం, కల్లు తాగితే సలుపు, ఇప్పుడు ఈ ఏడు కిలోలు. నేను పారేయనిచ్చిన చీటీలన్నీ ఒక్క మనిషివి.

"దిగు. అంగీ తీయి" అన్నాను. నా గొంతు ఎలా ఉందో ఏమో, నవ్వులు తగ్గాయి.

నాలుగు నెలల్లో ఆ మెడ మీద నా చెయ్యి పడటం అదే మొదటిసారి. నేను బస్తా గడ్డ అన్నది నిమ్మకాయంత అయింది. దాని కింద ఇంకో రెండు. చంకలో ఒకటి. రబ్బరులా గట్టిగా, వేలికింద కదులుతూ, నొక్కితే నొప్పి లేకుండా.

"ఏమైందమ్మా?" అన్నాడు.

"ఏమైందో డాక్టరుగారు చెప్తరు. శుక్రారం దాకా బస్తా ముట్టినవంటే ఊకోను."

గుమస్తా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "రోజు ఎక్కిచ్చిన సిస్టర్. రోజు నా కళ్ళ ముంగటనే ఉన్నడు."

"మీరు కాంటనన్న సూసిన్రు. నేను లేసి మనిషినే సూడలే" అన్నాను. ఆయన్ని ఓదార్చడానికి అనలేదు, నిజమే చెప్పాను.

శుక్రవారం డాక్టరుగారికి ఒక్కటీ దాచకుండా చెప్పాను. తిడతారని గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆయన ఒక పెద్ద కాగితం తీసుకుని అన్నీ వరసగా రాసుకున్నారు. కల్లు మాట రాగానే కలం ఆగింది.

"తాగితే గడ్డ దగ్గర నొప్పా? సరిగ్గా అక్కడేనా?"

"అక్కడే సార్."

"ఇది పుస్తకంలో చదవడమేగానీ మనిషిలో చూడలేదు సిస్టర్. లింఫోమా కావచ్చు. ఒంట్లో లింఫు గ్రంథులకొచ్చే క్యాన్సరు." కాగితం మళ్ళీ చూసుకుని అన్నారు, "మన దగ్గర మెడ గడ్డలంటే ఎక్కువ టీబీయే. మీరు ఇవన్నీ చెప్పకపోతే నేను కూడా టీబీ మందులే మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు ఊహలొద్దు. గడ్డ తీయించి పరీక్షకి పంపుదాం."

సూర్యాపేటలో ఒక సర్జన్ గారు గడ్డ తీసి మందు నీళ్ళ సీసాలో వేశారు. ఆ సీసా హైదరాబాద్ చేర్చే పని నేనే అడిగి తీసుకున్నాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. కండక్టరు వంగి చూశాడు. "ఏందమ్మా గది, మామిడికాయ తొక్కా? అంత భద్రంగ పట్టుకున్నవ్."

"కాదన్నా. ఒకాయన మెడల గడ్డ."

నా పక్కన కూర్చున్నామె లేచి వెనక్కి వెళ్ళిపోయింది. హైదరాబాద్ దాకా సీటంతా నాదే.

పదిహేను రోజులకి జవాబు వచ్చింది. డాక్టరుగారు అనుకున్నదే. లింఫోమాల్లో హాడ్జ్‌కిన్ అనే రకం. "మందుంది, చాలామందికి పూర్తిగా నయమవుతుంది" అని ఆయన ఎంత నింపాదిగా చెప్పినా, ఆ రోజుల్లో మావైపు క్యాన్సరు అంటే ఇక చావే. ముసలితల్లి అక్కడే కూలబడింది. భార్య మాత్రం కంట తడి పెట్టలేదు. "ఎక్కడికి తీసుకుపోవాలండీ? ఎప్పుడు పోవాలి?" అని అడిగింది. అంతే. సేటు హైదరాబాద్‌లో తన చుట్టాలింట్లో వాళ్ళకో గది చూపించాడు. "ఆయన ఏడు కిలోలు పోగొట్టుకున్నడు, నేను ఏడు కిలోలు పోగొట్టుకున్న. ఇద్దరం ఒక్కటే" అని అందరికీ చెప్పుకునేవాడు. పిసినారి అని పేరున్న మనిషే, కానీ ఆ గది ఏడాదిపాటు వాళ్ళకే ఉంచాడు.

ఆరు నెలలపైన సూదులు నడిచాయి. జుట్టూడింది. వాంతులు. ఒకసారి బస్టాండులో నన్ను చూసి తువ్వాలు తీసి బోడిగుండు చూపించి, "ఏ దేవునికి మొక్కకుండనే గుండయిపాయె సిస్టరమ్మా" అన్నాడు. నేను నవ్వాను, ఇంటికెళ్ళి ఏడ్చాను. నా వల్ల పోయిన నాలుగు నెలలు ఇతనికి చాలకపోతే ఏం చెయ్యాలన్న భయం నన్ను ఒక్కపూట వదల్లేదు.

పిల్లలూ, అప్పటినుంచి నేను ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. మనిషికి ఒక పేజీ. ఎందుకొచ్చినా ఆ పేజీలోనే. తొంభైల్లో కోదాడలో పనిచేసినప్పుడు, తర్వాత సూర్యాపేటలో, అదే పద్ధతి. మూడు నాలుగు వారాలైనా తగ్గని గడ్డ, నొప్పి లేకపోయినా సరే, ఎవరు తెచ్చినా లేచి చేత్తో చూసేదాన్ని. బరువు తగ్గుతున్నారా, పడుకున్నప్పుడు బట్టలు తడిసేంత చెమట పడుతోందా, ఊరికే జ్వరం వస్తోందా, మచ్చా పొక్కూ లేని దురద ఉందా అని అడిగేదాన్ని. ఎక్కువమందికి ఏమీ ఉండేది కాదు. పిప్పి పన్నో, టీబీయో తేలేది. కోదాడలో ఒకామె మూడు నెలలు నన్ను తిట్టింది, ఉత్తపుణ్యానికి సూర్యాపేట తిప్పానని. తిట్టనీ. ఆ తిట్లు నాకు తీపిగా ఉండేవి.

మళ్ళీ మా హమాలీ దగ్గరికొస్తాను. సూదులయ్యాక నెలనెలా చూపించుకోమన్నారు, వెళ్ళొస్తున్నాడు. ఒకరోజు పాలకీడు బస్సు డ్రైవరు దవాఖాన ముందు బస్సాపి కేకేశాడు.

"సిస్టరమ్మా, మీ అరవై కిలోది ఇగ అయిపోయినట్టేనట. నెలనెల రమ్మన్నోళ్ళు ఇప్పుడు ఏడాది దాక రావద్దన్నరట. చుట్టాలందరు వస్తున్నరు."

ఆ రోజుల్లో ఆశలేని మనిషిని పెద్దాసుపత్రులు ఇంటికి పంపేసేవి. వాళ్ళ ఊళ్ళో అలా వచ్చి పోయినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. చేతిలో ఉన్న కట్టు కాంపౌండరుకి అప్పగించి అదే బస్సెక్కాను. దారిపొడుగునా ఆ నాలుగు నెలలే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఇంటిముందు జనం. అరటిపళ్ళు, బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని వస్తున్నారు. ఆడవాళ్ళు అరుగుమీద కొంగులు నోటికడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అతను మంచం మీద కూర్చుని వచ్చినవాళ్ళకి దండాలు పెడుతున్నాడు. జుట్టు మళ్ళీ ఒత్తుగా వచ్చింది, బుగ్గలు నిండాయి. చావబోయేవాడిలా ఏమాత్రం లేడు. భార్య ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసి నాకిచ్చింది.

"ఏం రాశారో చూడండి సిస్టరు గారూ. ఇంగ్లీషులో ఉంది. అక్కడి డాక్టరమ్మ ఏదో చెప్పిందండీ. 'ఏడాది తర్వాత రండి' అన్నదొక్కటే నా బుర్రకెక్కింది. అంటే ఇంక లాభం లేదనేగా?"

నేను చదివాను. నమ్మకం కలగక ఇంకోసారి చదివాను. తర్వాత గట్టిగా, అరుగుమీదివాళ్ళకి కూడా వినబడేలా తెలుగులో చెప్పాను.

"మెడల గడ్డల్లేవు. చంకల లేవు. కడుపుల లేవు. బరువు పెరిగింది. జబ్బు ఆనవాలు ఎక్కడ లేదు. మనిషి మంచిగున్నడు. అందుకే ఏడాది దాకా రానక్కర్లేదన్నరు!"

అప్పుడు ఆమె, ఏడాదిన్నరగా ఒక్క చుక్క రాల్చని ఆ మనిషి, గడపలోనే కూర్చుని బావురుమంది. పిల్లలు బెదిరిపోయి వచ్చి ఆమెను పట్టుకున్నారు. నేను కూడా ఆమె పక్కనే కూర్చుని ఏడ్చాను. సిగ్గేం లేదు, సంతోషంతో గుక్కపెట్టి ఏడ్చాను. అతను మాత్రం జనం వైపు ఒకసారి చూసి, "ఇగ గిందరికి బువ్వెవరు వండాలె?" అన్నాడు.

ముసలితల్లి నా చెయ్యి పట్టుకుంది. "నిజంగనే గట్ల రాసిన్రా బిడ్డా?"

"నిజంగనే రాసిన్రమ్మా."

"మళ్ళొకసారి సదువు."

చదివాను. అంతలో సందు చివరినుంచి ఇంకో గుంపు శోకాలు తీసుకుంటూ వచ్చింది. ముసలామె ఎదురెళ్ళి వాళ్ళ నోళ్ళు మూయించి, అరుగుమీద కూర్చోబెట్టి, "సదువు బిడ్డా, వీళ్ళు ఇనలే" అంది. మళ్ళీ చదివాను. వాళ్ళ వెనకాలే పక్క ఊరి మేనత్త వచ్చింది. నాలుగు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది, అదే ఆఖరి బస్సు. నేను కాగితం విప్పి, గొంతు సవరించుకుని, మొదటినుంచి మొదలుపెట్టాను.